తాళము వేసిన పుస్తకము

పుస్తకము ఒకరి చేతిలోనే నిలిచిపోవు వస్తువు కాదు. మా యింటనున్న పాత పుస్తకములలో పెక్కింటికి లోపలి అట్టమీద ఇద్దరు ముగ్గురి పేర్లు కనబడును. ఒకదానిపై మా తాతగారి సంతకమున్నది. దాని క్రింద పొరుగూరి పంతులుగారి పేరున్నది. దానిని కొట్టివేసి మరల మా తండ్రిగారి పేరు వ్రాసిరి. ఆ పంతులుగారెవరో, పుస్తకము వారికడకు ఎట్లు పోయినదో, ఎట్లు తిరిగి వచ్చినదో చెప్పువారిప్పుడు మా యింట లేరు. కాని అది పోయి వచ్చినమాట నిజము. అందుకు మా తాతగారు ఎవరి యనుమతిని కోరలేదు. అచ్చువేసినవారికి జాబు వ్రాయలేదు. పుస్తకము తమది. అడిగినవారికిచ్చిరి. అంతే.

ఇంత సామాన్యమైన సంగతిని ఒక హక్కు అని పిలువవలెనని నాకు చిరకాలము తోచనే లేదు. ఊపిరి పీల్చుటను ఎవరైన హక్కు అని లెక్కింతురా? తోచుటకు కారణము మా మేనకోడలు.

ఆమె ఎనిమిదవ తరగతి చదువుచున్నది. వేసవి సెలవులలో మా యింట నుండగా, నేను ఎలక్ట్రానిక్ పలకమీద చదువుచున్న ఒక యాత్రాగ్రంథమును తానును కొంత చదివి మిక్కిలి ముచ్చటపడినది. ప్రయాణమగునాడు, "మామయ్యా, ఈ పుస్తకము నాకిస్తావా? చదివి పంపుతాను" అని అడిగినది.

"ఇవ్వవలెనంటే పలకనే ఇవ్వాలమ్మా."

"నా పలకలోకి పంపరాదా?"

"పంపినా తెరచుకోదు."

"నీవు డబ్బిచ్చి కొన్నదేగా?"

"కొన్నదే."

ఆమె కొంచెమాలోచించి, "అయితే అది నీది కాదేమో మామయ్యా!" అన్నది.

పిల్లలు చమత్కారముగ పలుకుట కలదు. కాని ఈ మాట చమత్కారము కాదు. విక్రేతల ఒప్పందపత్రములలో, ఎవరును చదువని ఆ పొడవైన పుటలలో, సరిగా ఈ సంగతియే వ్రాసియున్నది. అట్టి దుకాణములలో మనము కొనునది పుస్తకము కాదు. పుస్తకమును చదువుకొనుటకు అనుమతి.

ఆ యనుమతిని కాపాడునది ఒక తాళము. ఆంగ్లమున దానిని డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్ అందురు. మనము డిజిటల్ తాళమందము. అది ఇనుముతో చేసినది కాదు, గణితముతో చేసినది. కంప్యూటరులో పుస్తకమనగా అంకెల వరుస. దుకాణమువారు ఆ వరుసను మనకు పంపుటకు ముందు ఒక రహస్యసంఖ్యను ఆధారముగ చేసికొని యంతయు కలగాపులగము చేయుదురు. ఆ స్థితిలో దానిని తెరచినవారికి అర్థము లేని గుర్తులే కనబడును. ఆ రహస్యసంఖ్యయే తాళపుచెవి. అది మన పలకలోనికే వచ్చును. కాని మనకు కనబడదు. చదువు యంత్రము లోపల దాగియుండి, మన ఖాతా పేరు, మన పలక గుర్తు సరిపోయిననే పనిచేయును. వేరొకరి పలకలో అదే పుస్తకము మూగది.

ఇందులో ఒక విచిత్రమున్నది. మన యింటి తాళము దొంగను బయట నిలుపును, యజమానిని లోనికి పోనిచ్చును. ఇద్దరును వేరు మనుష్యులు. డిజిటల్ తాళము విషయములో లోనికి పోవలసినవాడును, ఎవనినుండి కాపాడవలెనో వాడును ఒక్కడే. వాడే కొన్నవాడు. చదువుటకు చెవి వానికియ్యవలెను; ప్రతి తీయకుండుటకు ఆ చెవిని వానినుండియే దాచవలెను. ఒకే వస్తువును ఇచ్చుటయు దాచుటయు ఎంతకాలము సాగును? అందుచేతనే నేర్పరులు ఈ తాళములను మరల మరల విప్పుచు వచ్చిరి. తాళము తనంత తాను నిలువలేక చట్టమును ఆశ్రయించినది. 1996లో జెనీవాలో కుదిరిన ప్రపంచ మేధాసంపత్తి సంస్థవారి కాపీరైటు ఒడంబడిక ఇందుకు దారి తీసినది. 1998లో అమెరికా దేశము, తాళమును విప్పుటయే నేరమని శాసించినది. విప్పి ఏమిచేసితివని కాదు, విప్పితివా యని అడుగు చట్టమది.

ఇక తాళపుచెవి తమకడ నున్నవారు ఏమి చేయగలరో 2009వ సంవత్సరములో లోకమంతయు చూచినది.

అమెజాన్ అను అమెరికా వర్తకసంస్థ కిండిల్ అను చదువుపలకను అమ్ముచుండెను. ఆ సంస్థ దుకాణములో జార్జి ఆర్వెల్ రచించిన '1984', 'యానిమల్ ఫార్మ్' అను రెండు నవలలను, అమెరికాలో వాటిపై హక్కులేని యొక కంపెనీ అమ్మకమునకు పెట్టినది. హక్కుదారులు ఫిర్యాదు చేసిరి. అమ్మకము మానుట న్యాయమే. కాని అమెజాన్ అంతటితో ఆగలేదు. జూలై నెలలో, అప్పటికే కొన్నవారి పలకలలోనుండి సైతము ఆ పుస్తకములను దూరమునుండియే తొలగించినది. వెల వాపసు చేసినది. నిన్న రాత్రి చదువుచు నిద్రించినవారికి ఈనాడు పుస్తకము లేదు!

పుస్తకముల దుకాణదారుడు అర్ధరాత్రి మన యింట ప్రవేశించి, బల్లమీది పుస్తకము తీసికొని, దాని చోట రూపాయలుంచి పోయెననుకొనుడు. వెల ముట్టినది గదా యని మనము ఊరకుందుమా?

అందులోను, మాయమైనది ఏ పుస్తకము? '1984' నవలలో ప్రభుత్వోద్యోగులు తమకు గిట్టని పాత వ్రాతలను గోడలోని రంధ్రములలో పడవేయుదురు. అవి కొలిమిలో పడి భస్మమగును. ఆ నవలయే అట్లు అదృశ్యమగుట చూచి నవ్వవలెనో యేడ్వవలెనో తెలియక అనేకులు అనేక విధములుగ వ్రాసిరి. నాకు మాత్రము ఆ హాస్యముకన్న ఒక విద్యార్థి సంగతి ఎక్కువగ మనస్సునకు తగిలినది. మిషిగన్ రాష్ట్రమున 17 ఏండ్ల బాలుడొకడు పాఠశాల పనికై ఆ నవలను చదువుచు, పుటపుటకును తన యభిప్రాయములను పలకలోనే వ్రాసికొనెను. పుస్తకము పోయినది. అతని వ్రాతలు మిగిలినవి గాని, ఏ వాక్యమునుగూర్చి వ్రాసెనో ఆ వాక్యములు లేకపోవుటచే అవి నిరుపయోగములైనవి. అతడు మరియొకరితో కలిసి వ్యాజ్యెము వేసెను. అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్, తాము చేసినది తెలివిమాలిన పనియని బహిరంగముగ క్షమాపణ చెప్పెను. వ్యాజ్యెము 1,50,000 డాలర్ల చెల్లింపుతో రాజీ అయినది. కొన్నవాని సమ్మతి, న్యాయస్థానపు ఉత్తర్వు మొదలగు కొన్ని సందర్భములలో తప్ప అమెరికాలోని పలకలనుండి పుస్తకములను ఇక తీసివేయమని ఆ సంస్థ మాట యిచ్చినది. మాట యిచ్చినదే గాని, చెవిని ఇయ్యలేదు.

పదియేండ్లకు మరియొకటి జరిగినది. మైక్రోసాఫ్ట్ సంస్థ నడపిన ఎలక్ట్రానిక్ పుస్తకముల దుకాణము లాభసాటి కాలేదు కాబోలు, 2019 ఏప్రిల్‌లో మూసివేసినది. అంగడి మూతపడుట లోకసహజము. కాని ఈ యంగడి మూతపడగా, ఆ జూలై నుండి, అంతవరకు అమ్మిన పుస్తకములన్నియు తెరచుకొనుట మానినవి. ఇక్కడను సొమ్ము వాపసు వచ్చినది. పుటలపై టిప్పణములు వ్రాసికొన్నవారికి అదనముగ 25 డాలర్ల విలువ జమకట్టిరి. నేను చదువుకొన్న యూరిలోని పుస్తకాల కొట్టు మూతపడి చాల ఏండ్లైనది. అక్కడ కొన్న నిఘంటువు నేటికిని నా బల్లమీద నున్నది.

అచ్చుపుస్తకముల విషయములో ఇట్టి తగవు వందయేండ్లకు పూర్వమే వచ్చి తీరిపోయినది. అమెరికాలో బాబ్స్-మెరిల్ అను ప్రచురణసంస్థ 'ది కాస్టవే' అను నవలను అచ్చువేసి, దీనిని ఒక డాలరుకు తక్కువగ అమ్మరాదు, అమ్మినచో కాపీరైటు భంగమగునని పుస్తకములోనే ప్రకటించినది. న్యూయార్కులోని మేసీ దుకాణమువారు ఆ ప్రకటనను లక్ష్యపెట్టక 89 సెంట్లకే అమ్మిరి. వివాదము సుప్రీంకోర్టువరకు పోయినది. 1908లో న్యాయమూర్తులు, ఒక ప్రతిని అమ్మిన పిదప ఆ ప్రతి మరల ఎంతకు అమ్ముడుపోవలెనో శాసించు నధికారము కాపీరైటు చట్టము ప్రచురణకర్తకు ఈయలేదని తీర్పు చెప్పిరి. మన కాపీరైటు చట్టము 1957 నాటిది. అదియు నేడున్న రూపములో, ఒకసారి ప్రజల చేతిలోనికి పోయిన సాహిత్యగ్రంథపు ప్రతులను మరల పంచు హక్కును గ్రంథకర్తకు మిగుల్చలేదు. హైదరాబాదులో ఆదివారమునాడు ఆబిడ్స్ వీథి ప్రక్కన పాతపుస్తకములు పరచుకొని కూర్చుండువారు ఈ ధర్మసూక్ష్మమును ఎరుగకపోవచ్చును; వారి జీవనము మాత్రము దానిపైననే నడచుచున్నది. సగము వెలకు పాఠ్యపుస్తకము కొని చదివిన విద్యార్థి ప్రతియొకడును దానికి ఋణపడియున్నాడు.

తాళము వేసిన పుస్తకమును ఈ న్యాయము అంటదు. ఏలయన అక్కడ అమ్మకమే జరుగలేదని వర్తకుల వాదము. "మేము అమ్మలేదు, లైసెన్సు నిచ్చితిమి" అందురు. పాత పలక పుస్తకములు పరచు అంగడి ఏ వీథిలోను లేదు.

ఒక్కనికి కలుగు నష్టము ఇట్లుండగా, గ్రంథాలయమునకు కలుగు నష్టము అంతకంటె పెద్దది.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడుగ నుండిన శియాళి రామామృత రంగనాథన్ 1931లో గ్రంథాలయశాస్త్రమునకు ఐదు సూత్రములు చెప్పెను. పుస్తకములు ఉపయోగించుటకొరకే యనునది వానిలో మొదటిది. అచ్చుపుస్తకమును ఒకసారి కొనిన గ్రంథాలయము దానిని చినుగువరకు ఎరవిచ్చును. చినిగినచో అట్ట కట్టించి మరల ఇచ్చును. ఎలక్ట్రానిక్ పుస్తకము చినుగదు గదా, ఇక గ్రంథాలయములకు మేలే యని మొదట అందరును తలచిరి. చినుగని పుస్తకమును చించు ఉపాయమును ప్రచురణకర్తలు కనుగొనిరి! 2011లో హార్పర్‌కాలిన్స్ సంస్థ, గ్రంథాలయములకిచ్చు తమ ఎలక్ట్రానిక్ ప్రతి 26 మారులు ఎరవుపోయిన పిదప ఇక తెరచుకొనదనియు, మరల వెల చెల్లించి తీసికొనవలెననియు నియమము పెట్టినది. ఒక్కొక్కరు రెండేసి వారములు చదివినచో 26 ఎరవులు ఒక సంవత్సరము. ఓక్లహోమా రాష్ట్రములో గ్రంథపాలకులు కొందరు, 26కు మించి ఎన్నోసార్లు ఎరవుపోయియు చెక్కుచెదరని ఆ సంస్థ అచ్చుపుస్తకములనే తీసి చలనచిత్రములో చూపించిరి. 2019 నవంబరులో మాక్‌మిలన్ సంస్థ మరియొక యడుగు వేసినది: క్రొత్త పుస్తకము వెలువడిన మొదటి ఎనిమిది వారములు, ఎంత పెద్ద నగరపు గ్రంథాలయవ్యవస్థకైనను ఒక్క ఎలక్ట్రానిక్ ప్రతియే. గ్రంథాలయములు అనేకము ఆ సంస్థ ఎలక్ట్రానిక్ పుస్తకములను కొనుట మానినవి. 2020 మార్చిలో ఆ నియమము ఎత్తివేయబడినది. గడువు తీరిన వెంటనే ముగియు లైసెన్సులు మాత్రము పోలేదు. పెద్ద ప్రచురణసంస్థలు కొన్ని రెండేండ్ల గడువుతోనే పుస్తకములనిచ్చుచున్నవి.

గ్రంథాలయము ఎరవిచ్చు చోటు మాత్రమే కాదు, దాచియుంచు చోటు కూడ. వేటపాలెములో 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనము పాతపత్రికల సంపుటములకు పేరుపొందినది. పరిశోధకులు దూరప్రాంతములనుండి అక్కడికి పోవుదురు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో స్థాపించిన 'భారతి' మాసపత్రిక 1991లో ఆగిపోయినది. ప్రచురించినవారు గతించిరి, అచ్చుకూటము లేదు. అయినను భారతి సంపుటములు చదువుటకు దొరకుచున్నవి. ఆ సంపుటములకు తాళముండి, చెవి ఆ కార్యాలయములోనే ఉండియున్నచో ఏమగునో ఊహింపుడు. 1991లో అవి యన్నియు ఒక్కనాడే మూగవోయెడివి. అంతకు పూర్వము మాట తలచినను ఇంతే. తాటియాకు శాశ్వతము కాదు. తరతరమునకు ఎవరో ఒకరు కూర్చుండి మరల వ్రాయబట్టియే మన కావ్యములు నిలిచినవి. 19వ శతాబ్దిలో బ్రౌనుదొర పండితులను నియమించి వ్రాతప్రతులను సేకరింపించి, పోల్చి, ప్రతులు వ్రాయించెను. ప్రతి తీయుటను దొంగతనమని మాత్రమే ఎరిగినవారు ఈ సంగతిని మరచిరి. ప్రతి తీయుట కాపాడుట కూడ.

నాకొక మిత్రుడు కలడు. చరిత్రోపాధ్యాయుడు, పుట్టుకతో చూపు లేదు. ఆయన కంప్యూటరు తెరమీది యక్షరములను చదివి వినిపించు యంత్రపుగొంతుతో చదువుకొనును. ఆ గొంతు ఎంత వేగముగ నడచుననిన, ప్రక్కనున్న నాకు ఒక్క మాటయు చెవికెక్కదు. ఆయన చిరునవ్వుతో వినుచుండును. తాళము వేసిన పుస్తకము కొన్ని వేళల ఆ గొంతును గూడ లోనికి రానీయదు. 2009 ఫిబ్రవరిలో క్రొత్తగ వచ్చిన కిండిల్ పలక పుస్తకములను పైకి చదివి వినిపించెడిది. అమెరికా రచయితల సంఘము, ఇది శ్రవణపుస్తకముల వ్యాపారమునకు దెబ్బయని ఆక్షేపించెను. ఏ పుస్తకము మాటలాడవలెనో ఏది మాటలాడకూడదో ప్రచురణకర్తలే నిర్ణయించుకొనవచ్చునని అమెజాన్ అంగీకరించెను. ఏప్రిల్‌లో అంధులు న్యూయార్కులో ఆ సంఘపు కార్యాలయము నెదుట నిలిచి నిరసన తెలిపిరి. పుస్తకమును కొని, వెల యిచ్చి, వినరాదనుట వారికెట్లు సహింపరానిదయ్యెనో నా మిత్రుని చూచిన నాకు బాగుగ తెలియును. అమెరికా చట్టములో, తాళము విప్పుటకు మినహాయింపు కోరువారు మూడేండ్లకొకమారు విన్నపములు చేసికొనవలెను. అంధులును అట్లే చేయుచు వచ్చిరి.

ఈ విషయములో మన దేశము కొంత మెరుగుగ నడచినదని చెప్పుటకు సంతోషము. 2012లో సవరించిన మన చట్టము, ఇతరుల హక్కును హరించు నుద్దేశముతో తాళము విప్పినవానికే రెండేండ్లవరకు జైలుశిక్షయు జరిమానాయు విధించును. చట్టము నిషేధింపని పనికై విప్పినచో నేరము కాదు. వికలాంగులకు తగిన రూపములో ప్రతులు చేయుటకును ఆ సవరణయే వీలిచ్చినది. 2013లో మొరాకో దేశపు మరాకేష్ నగరమున అంధులకొరకు జరిగిన ఒడంబడికను 2014లో ఎల్లరకంటె ముందుగ ధ్రువీకరించిన దేశము భారతదేశమే. కాని చట్టము విప్పుకొమ్మన్నంత మాత్రమున తాళము విడదు. నా మిత్రునికి చట్టము తెలియును. తాళము విప్పు గణితము తెలియదు.

రచయితల పక్షమును గూడ చెప్పక తప్పదు. అచ్చుపుస్తకమును దొంగిలించువానికి కాగితము, సిరా, కూలి కావలెను. ఎలక్ట్రానిక్ పుస్తకమునకు ఒక్క నిమిషము చాలును. వేయి ప్రతులు వేయి యూళ్ళకు పోవును. ఏండ్లు శ్రమించి వ్రాసినవానికి చిల్లిగవ్వ రాదు. ఈ భయము వట్టిది కాదు, ఇట్టి దొంగతనమును సమర్థించువారితో నాకు పొత్తు లేదు. అయినను తాళము ఎవరిని బాధించుచున్నదో చూడవలెను. దొంగప్రతి తెచ్చుకొన్నవానికి తాళము లేని పుస్తకము దొరకుచున్నది. వెల యిచ్చినవానికే తాళము! పాటల వర్తకులు ఈ సంగతిని ముందుగ గ్రహించిరి. 2009లో ఆపిల్ సంస్థ తాను అమ్ము పాటలన్నింటికి తాళము తీసివేసినది. పాటల వ్యాపారము మునిగిపోలేదు. 2012లో టార్ అను ప్రచురణసంస్థ తన పుస్తకములకు తాళము మానినది. సంవత్సరము గడచిన పిదప, దొంగప్రతులు చెప్పుకొనదగినంతగ పెరుగలేదని ఆ సంస్థయే ప్రకటించినది. ఇతర పెద్ద సంస్థలు అనేకము ఆ దారి త్రొక్కలేదు. ఏల త్రొక్కలేదో నాకు బోధపడదు. పాఠకుడు ఒకే దుకాణమునకు కట్టుబడియుండుట దుకాణమునకు లాభమగుటయు ఒక కారణము కావచ్చును.

ఇటీవల కాలిఫోర్నియా రాష్ట్రము ఒక చిన్న చట్టము చేసినది. 2024 సెప్టెంబరులో గవర్నరు సంతకము చేయగా 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. అది తాళములను నిషేధింపలేదు. ఒక మాటను మాత్రము పట్టుకొన్నది. ఎలక్ట్రానిక్ పుస్తకము గాని, పాట గాని, చలనచిత్రము గాని, ఆట గాని అమ్మువారు, తాము ఇచ్చునది లైసెన్సు మాత్రమేయని స్పష్టముగ తెలుపకుండ 'కొనుము' అను మాటను వాడరాదని అందలి నిబంధన. మా మేనకోడలు అన్న మాటను ఒక శాసనసభ యంగీకరించినట్లయినది. అయితే కొన్నవాడు తన యంత్రములో శాశ్వతముగ దింపుకొని, దుకాణముతో నిమిత్తము లేకుండ ఉంచుకొనగలిగిన వస్తువులకు ఆ నిబంధన వర్తింపదు. వాటిని మునుపటివలెనే, ఏ వివరణయు చేర్చకుండ, 'కొనుము' అని అమ్మవచ్చును.